చెలమ దగ్గర కాపలా

ఆ ఏడు వానల్లేవు. ఊరికి మిగిలిన ఒక్క చెలమ చుట్టూ పాలెగాడు తిమ్మానాయకుడు బంట్లను కాపలా పెట్టి, నీళ్లన్నీ తన ఏనుగులకే అట్టిపెట్టాడు.

కుండలతో నిలబడ్డ ఆడవాళ్లను దాటుకుని, గొర్రెలు కాసే ఈరమ్మ ముందుకొచ్చింది.

"మాకూ నీళ్లివ్వండి దొరా!"

నాయకుడు నవ్వాడు. "అడవిలో సింహం తాగాకే జింక తాగుతుంది. బలమున్నవాడిదే నీళ్లు."

"నిజమే దొరా. కానీ దాహం తీరాక సింహం వెళ్లిపోతుంది. మడుగుకు కాపలా పెట్టదు."

బంట్లు తలలు దించుకున్నారు. నాయకుడు వాళ్లవైపు చూశాడు. చివరికి కాపలా తీయించాడు.

"ముందు నువ్వు పట్టుకో," అన్నాడు ఈరమ్మతో.

"నా కూతురు పొద్దున్నే నీళ్లు నీళ్లంటూ పోయింది దొరా. బిడ్డలున్న ఈ తల్లుల్ని ముందు నీళ్లు పట్టుకోనివ్వండి," అని ఈరమ్మ పక్కకు జరిగింది.