తవిటయ్య తోమిన గుండిగ

అనగనగా ఒక ఊళ్ళో ఊరందరికీ కలిపి ఒకటే గుండిగ ఉండేదట. ఎంత గుండిగ అనుకున్నావు? నువ్వూ మీ అన్నయ్యా అందులో దూరి మూత పెట్టుకుంటే, నేను సాయంత్రం దాకా పెరడంతా వెతుక్కోవాల్సిందే. మేలిమి ఇత్తడిది. ఊళ్ళో ఎవరింట్లో పెళ్ళయినా దప్పళం అందులోనే కాగేది.

ముందే చెబుతున్నా తల్లీ, ఈ కథ చెప్పే యోగ్యత నాకు లేదు. నేను తోమిన చెంబు చూసి మీ తాతయ్య, "తోమేశావా, ఇంకా తోమాలా?" అని అడిగేవారు. అందుకని తోమడం బాగా వచ్చినవాడి కథ చెబుతున్నాను. అంత వచ్చినవాడికి కూడా ఏమయిందో వింటే నీకు నా మీద కాస్త గౌరవం పెరుగుతుంది.

ఆ ఊళ్ళో తవిటయ్య అని ఒకడుండేవాడు. మంచివాడే. కానీ ఏ పని చెప్పినా అది ఇంకోలా అయ్యేది. కళ్ళం కాపలా పెడితే నిద్రపోయాడు, గేదెలు పండగ చేసుకున్నాయి. పందిరి వెయ్యమంటే వేశాడు, అది అతని మీదే పడింది. పెళ్ళిపిలుపులకు పంపితే ఓపిగ్గా ఊరూరూ తిరిగి పిలిచాడు, తిరిగొచ్చేసరికి పెళ్ళికూతురు అత్తారింట్లో ఉంది. అప్పటినుంచీ అతనికి ఎవరూ ఏ పనీ చెప్పడం లేదు. అదే తవిటయ్యకి దిగులు.

కానీ తోమడంలో మాత్రం అతనికి తిరుగులేదు. రాగి చెంబుకి ఉప్పూ చింతపండూ. ఇత్తడి బిందెకి చింతపండూ ఇటికపొడీ. కంచు కంచానికి జల్లించిన పిడకల బూడిద. ఏది దేనికో అతన్నే అడగాలి. పెరట్లో పంచె ఎగ్గట్టి కొబ్బరి పీచు పట్టుకు కూర్చుంటే, దారినపోయే ఆడవాళ్ళు ఆగి మరీ ఏడిపించేవాళ్ళు.

"తవిటన్నా, మా ఇంట్లో కూడా రెండు బిందెలు నల్లబడ్డాయి. ఓ చెయ్యి వేసి పోరాదూ?"

తవిటయ్య సిగ్గుపడేవాడు కాదు. "పంపించండి" అనేవాడు. అతని భార్య అప్పలకొండ లోపల తల పట్టుకునేది.

అప్పుడేమయిందంటే, ఊరి గుండిగని చూసుకునే ముసలి సీతన్నకి వంగిన నడుం లేవడం మానేసింది. "ఇక నా వల్ల కాదు బాబూ, ఎవరికైనా అప్పజెప్పండి" అన్నాడు. తోమడం అనగానే ఊరందరికీ ఒక్క పేరే గుర్తొచ్చింది. గుర్తొచ్చి భయపడ్డారు కూడా. అయినా, గుండిగేమైనా గేదె తినేదా, మీద పడేదా అనుకుని తవిటయ్యకే ఇచ్చారు. సీతన్న ఏదో చెప్పబోయాడు గానీ ఆయనకి దగ్గు తెర వచ్చింది. దగ్గు తగ్గేసరికి తవిటయ్య గుండిగని దొర్లించుకుంటూ వీధి మలుపు తిరిగిపోయాడు.

నాట్లు అయిపోయాక ఊరంతా ఒకే బంతిన కూర్చుని తినడం అక్కడ ఆనవాయితీ. అన్నం ఇంటింటి నుంచీ వస్తుంది. గుమ్మడికాయ దప్పళం మాత్రం గుండిగలోనే కాగుతుంది. ఆ బంతికి ఇంకా ఐదు రోజులుంది. తవిటయ్య మనసులో ఒకటే మాట. ఈ ఒక్క పనీ సవ్యంగా చేస్తే, ఇక తనని పనికిమాలినవాడని ఎవరూ అనరు.

మొదటి రోజు గుండిగ వెలుపల తోమాడు. తరతరాల మసి ఒలిచినట్టు ఊడివచ్చింది.

రెండో రోజు అంచూ, చెవులూ తోమాడు. చెవుల సందుల్లో పచ్చగా పట్టిన చిలుము చీపురుపుల్లతో తీశాడు. గుండిగ పెళ్ళికూతురిలా తయారైంది.

మూడో రోజు లోపలికి తొంగిచూశాడు. లోపలంతా తెల్లగా, బూడిదరంగుగా, పాలిపోయినట్టు ఉంది. "ఇదేం తోమడం సీతన్నా" అనుకున్నాడు. "పైన అంత మసి, లోన ఇంత మురికా." తవిటయ్య ఇంట్లో పులుసు మట్టి దాకలోనే కాచేవారు కాబట్టి పాపం అతను కళాయి గిన్నె మొహం చూసి ఎరగడు. గుండిగలోకి దిగిపోయాడు. ఇటికపొడి జల్లి, చింతపండు పట్టించి, పాదాలతో తొక్కి, చేతులతో గీకి, పొద్దు వాలేదాకా తోమాడు. సాయంత్రానికి లోపల కూడా బంగారంలా పచ్చగా ధగధగలాడింది. మళ్ళీ మళ్ళీ తొంగిచూసుకుని తనే మురిసిపోయాడు.

నాలుగో రోజు పొద్దున్నే కామమ్మ పెద్దమ్మ వచ్చింది. ఊరి వంటకి ఆవిడే పెద్ద. గుండిగ బయట చూసి "అబ్బో" అంది. లోపల చూసింది. కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసింది.

"ఒరే తవిటీ, లోపల తెల్లగా ఉండాలే. అదేదిరా?"

"మురికి పెద్దమ్మా. తీసేశాను" అన్నాడు తవిటయ్య, వినయంగా. "ఎన్నేళ్ళ మురికో గానీ, ఓ పట్టాన వదల్లేదు."

కామమ్మ అరుగు మీద కూలబడింది. "అది మురికి కాదురా నాయనా, కళాయి. తగరం పూత. ఉత్త ఇత్తడిలో పులుసు కాస్తే చిలుమెక్కి విషమవుతుంది. రేపు ఊరందరికీ దప్పళం వెయ్యాలా, వాంతులు చేయించాలా?"

తవిటయ్య గుండిగలోకి వంగి ఆ పచ్చటి ఇత్తడిని అరచేతులతో కప్పబోయాడు. కామమ్మకి జాలేసింది. "సాయంత్రం దాకా ఎవరికీ చెప్పను. ఈలోగా లోపల మళ్ళీ తెల్లగా చూపించు. లేకపోతే బంతి మానేద్దాం" అని వెళ్ళిపోయింది.

తెల్లగా అంది కదా. తవిటయ్య ఏం చేశాడో చెప్పు? సున్నం తెచ్చి గుండిగ లోపల వెల్ల వేశాడు. అప్పలకొండ వచ్చి చెంబుడు నీళ్ళు పోసింది. సున్నమంతా కారిపోయింది.

ఆ తర్వాత బియ్యప్పిండి జారుగా కలిపి పూశాడు. పక్కింటి కోళ్ళు గుండిగలోకి దూకి పిండి మొత్తం పొడుచుకు తిన్నాయి.

"పోపు ఒక్కటే తక్కువైంది మావా" అంది అప్పలకొండ. "పూతలు చాలుగానీ పద. అవతలి ఊరి సంతలో కళాయి వేసే మస్తాన్ సాయిబు ఉంటాడు. ఆయన కాళ్ళమీద పడదాం."

బళ్ళన్నీ కట్టెలకీ గుమ్మడికాయలకీ పోయాయి. అప్పుడు తవిటయ్య గుండిగని బోర్లించి నెత్తిన పెట్టుకున్నాడు. అది టోపీలా నిలబడితే బాగుండేది. నడుం దాకా దిగిపోయింది. ఇక లోకం కనపడదు. ముందు అప్పలకొండ నడుస్తూ "కుడికి, ఎడమకి, గొయ్యి, పేడ" అని చెబుతుంటే, వెనకాల రెండు కాళ్ళున్న గుండిగ నడిచింది.

సగం దారిలో తవిటయ్యకి ఏడుపొచ్చింది. చీకట్లో ఉన్నాం కదా, పెళ్ళాం ఒక్కతే వింటోంది కదా అనుకున్నాడు.

"అప్పలకొండా, ఊరి కళాయి మొత్తం నేనే గీకేశానే" అన్నాడు. "మురికనుకున్నానే. సున్నం పూశానే. నాకంటే ఆ కోళ్ళే నయం, ఏది తినాలో వాటికి తెలుసు. ఈ గుండిగ కూడా నాకిక ఇవ్వరే."

గుండిగలో చెప్పిన మాట ఎక్కడ ఆగుతుంది తల్లీ? కంచు గంట కొట్టినట్టు మోగింది. చేలగట్ల మీద మనుషులు లేచి నిలబడ్డారు. కలుపు తీసేవాళ్ళు చేతులు ఆపేశారు. ఊరంతా అక్కడే ఉంది. అప్పలకొండ చీర కొంగు నోట్లో కుక్కుకుంది, నవ్వాపుకోలేక.

"మావా, కాస్త నెమ్మదిగా చెప్పు" అంది.

"నెమ్మదిగానే చెబుతున్నా కదే" అంది గుండిగ.

ఇంకేముంది. చేలల్లో నవ్వులే నవ్వులు. పెద్దరైతు జగ్గన్న గట్టు దిగి వచ్చి గుండిగ మీద వేలితో టకటకమని తట్టాడు. "ఒరే తవిటీ, లోపలున్నావా?"

"లేను బాబూ" అంది గుండిగ.

నవ్వీ నవ్వీ వాళ్ళ పొట్టలు నొప్పెట్టాయి. నవ్వినవాళ్ళకి కోపం ఎక్కణ్ణుంచి వస్తుంది? ఇద్దరు మగవాళ్ళు వచ్చి గుండిగని ఎత్తి, కర్రకి కట్టి, చెరోపక్కా మోశారు. తవిటయ్య వెలుతురులోకి వచ్చి చుట్టూ ఊరిని చూశాడు. మళ్ళీ గుండిగలోకి దూరిపోతే బాగుండుననిపించింది. కానీ అది ముందు వెళ్ళిపోతోంది. వెనకాల పరిగెత్తాడు.

సంతలో మస్తాన్ సాయిబు ముందు గిన్నెలు వరుసగా పేర్చి ఉన్నాయి. గుండిగని దూరం నుంచి చూసే తల అడ్డంగా ఊపాడు. రేపటికి కావాలంది అప్పలకొండ.

"రేపటికా? ఎల్లుండికి కూడా కాదు. కళాయి వెయ్యడం గడియలో పని. కానీ ముందు లోపలంతా తోమాలి. పాత పూత పోవాలి, మసి పోవాలి, జిడ్డు పోవాలి, గోరంత మచ్చ ఉండకూడదు. లేకపోతే తగరం అంటుకోదు. ఇంత గుండిగలో దిగి తొక్కి తొక్కి తోమాలంటే నా మోకాళ్ళకి రెండు రోజులు పడుతుంది."

తవిటయ్య గుండిగని మళ్ళీ నెత్తికెత్తుకోబోయాడు. అప్పలకొండ మాత్రం, "ఒక్కసారి లోపల చూడు సాయిబుగారూ" అంది.

మస్తాన్ సాయిబు తల లోపల పెట్టాడు. వేలితో రాశాడు. వేలు చూసుకున్నాడు. మళ్ళీ రాశాడు. తల బయటికి తీసి అడిగాడు.

"ఎవరు తోమారు ఇది?"

"నేనే" అన్నాడు తవిటయ్య. "తప్పైపోయింది బాబూ. తెలీక చేశాను."

"నలభై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నా. నాకు కూడా ఇంత శుభ్రంగా రాదు" అన్నాడు మస్తాన్ సాయిబు. "నువ్వు ఇంతకాలం ఎక్కడున్నావయ్యా? తిత్తి పట్టుకో, కొలిమి ఊదు."

అప్పుడు తవిటయ్య తిత్తి ఊదాడు. నిప్పులు ఎర్రబడ్డాయి. గుండిగ వేడెక్కింది. తగరం బాగా అంటుకోడానికి సాయిబు నవాసారం పొడి చల్లాడు, తెల్లటి పొగ లేచింది. తగరం ముక్క రాశాడు, అది కరిగి చుక్కైంది. దూదితో ఒక్కసారి చుట్టూ తిప్పాడు. పచ్చటి ఇత్తడి మీద వెన్నెల పరుచుకున్నట్టు, లోపలంతా తెల్లగా పాకిపోయింది. చూస్తుండగానే, గడియలో. తవిటయ్య నోరు తెరుచుకుని ఉండిపోయాడు. మూడు రోజుల్లో తను చేసిన మెరుపులన్నీ ఒకెత్తు, ఇదొకెత్తు.

పొద్దు వాలకముందే గుండిగ ఊరు చేరింది. కామమ్మ పెద్దమ్మ నీళ్ళు పోసి చూసింది, గోటితో గీరి చూసింది. "పొయ్యి తవ్వండర్రా" అంది.

మర్నాడు బంతి. గుమ్మడికాయ ముక్కలు ఉడికాయి, చింతపండు పులుసు మరిగింది, బెల్లం పడింది, ఇంగువ పోపు వాసన పక్క ఊరి దాకా పోయింది. విస్తళ్ళు వేశారు. అందరూ కూర్చున్నారు. వడ్డించారు. కానీ ఒక్కరూ ముద్ద ఎత్తరు. అందరి చూపూ తవిటయ్య మీదే.

తవిటయ్యకి అర్థమైంది. దప్పళం కలుపుకున్నాడు. ఒక ముద్ద తిన్నాడు. రెండో ముద్ద తిన్నాడు. మూడో ముద్ద తిని టక్కున లేచి నిలబడ్డాడు. ఊరంతా ఊపిరి బిగబట్టింది. అప్పలకొండ మొహం తెల్లబోయింది.

"పెద్దమ్మా" అన్నాడు తవిటయ్య, "ముక్కలన్నీ అటే వేస్తున్నారు. ఇటు కూడా రమ్మను."

ఆ తర్వాత ఎవరు ఎన్నిసార్లు వేయించుకున్నారో లెక్కలేదు. గుండిగ అడుగు కనపడింది. చేతులు కడుక్కుంటూ జగ్గన్న అడిగాడు. "పెద్దమ్మా, మరి గుండిగ ఇక ఎవరి దగ్గరుండాలి?"

"వాడి దగ్గరే" అంది కామమ్మ. "మనకెవరికైనా లోపల గీకకూడదని వినడమే తెలుసు. వాడికి గీకితే ఏమవుతుందో తెలుసు."

తవిటయ్య గుండిగని బావి దగ్గరికి దొర్లించుకెళ్ళాడు. బయట చింతపండు పట్టించి, ఇటికపొడితో, దారినపోయేవాళ్ళ మొహాలు కనపడేదాకా తోమాడు. ఆ తర్వాత పీచు పక్కన పెట్టేశాడు. చేతులు కడుక్కున్నాడు. బియ్యం కడిగిన నీళ్ళు పోసి, లోపల మాత్రం ఉత్త అరచేత్తో, పసిపిల్లకి నీళ్ళు పోసినట్టు నెమ్మదిగా, నెమ్మదిగా కడిగాడు.

వెలుపల పసుపు, లోపల తెలుపు,
తెలిసిన చెయ్యికి దొరికెను గెలుపు.
దప్పళం పొట్టకి, గుండిగ అటకకి,
కథేమో కంచికి, కళ్ళేమో నిద్దరకి.