మస్తానమ్మ అడిగిన మూడు ప్రశ్నలు

అనగనగా, గుర్రాలు మేతకు పోయి సైకిళ్లు రాచకొలువులో చేరిన కాలంలో, గిరిపాలెం అనే చిన్న రాజ్యం ఉండేది. ఊఁ కొట్టండి తల్లులారా, ఊఁ కొట్టేవాళ్లుంటేనే కథకు కాళ్లొస్తాయి.

ఆ ఏడు కొండమీది గూడెంలో పిల్లలకు విషజ్వరం పట్టుకుంది. కొండ కింద ఆస్థాన వైద్యుడు తెల్లవారుతూనే కషాయం కాచేవాడు. అది ఎండెక్కక ముందే పిల్లల గొంతులో పడాలి. ఎండెక్కిందా, విరిగిపోతుంది. మోసుకెళ్లే పని గురవయ్యది. రాజుగారిచ్చిన అయిదు గేర్ల సైకిలు మీద, దేవుణ్ణి తలుచుకుని, రోజూ కొండెక్కేవాడు.

ఒకనాడు ఏటవాలులో పెడలు మీద బరువు వేయగానే కటక్‌మని చైను జారింది. మళ్లీ తొక్కాడు, మళ్లీ జారింది. దిగి తోసుకుంటూ వెళ్లేసరికి సూర్యుడు నెత్తిమీదికొచ్చాడు, కషాయం విరిగింది. ఆ సాయంత్రం ఒక పసిదాని జ్వరం ఇంకా పెరిగింది.

రాజు ఉదయవర్మ గురవయ్యను పిలిపించాడు. "పిల్లల ప్రాణాలు నీ చక్రాల మీదున్నాయి. వెంటనే పనివాళ్లకు చూపించు" అన్నాడు.

ఆ రాజ్యంలో సైకిలు పనివాళ్లకో ఆచారముండేది. వైద్యుడు నాడి పట్టి రోగం చెబుతాడు కదా, తామూ అలాగే సైకిలును ముట్టుకుని చెప్పాలట. తొక్కేవాణ్ణి "ఏమైంది?" అని అడిగారంటే పని రానట్టే లెక్క.

మొదట కోదండాచారి వచ్చాడు. పెడలు ఒక్కసారి తిప్పి, కళ్లు మూసుకుని, "చైను సాగిపోయింది" అన్నాడు.

"అయ్యా, అది ఎక్కడ జారుతుందంటే..."

"నువ్వు చెప్పాలా నాకు? పక్కకు జరుగు."

కొత్త చైను వేశాడు. మర్నాడు కొండెక్కబోతే మునుపటికంటే ఎక్కువ జారింది. కషాయం విరిగింది.

తర్వాత సూరపరాజు వచ్చాడు. "ఆచారి చైను భలే మెరుస్తోంది. పెళ్లికూతురి మెడలో వేసుకోవచ్చు, కొండ మాత్రం ఎక్కదు" అని నవ్వి, గేరు తీగను మీటి బిగించాడు. గేర్లు చెప్పినమాట విన్నాయి. చైను మాత్రం వినలేదు. "అయితే నీ కాళ్లదే దోషం. దున్నపోతులా తొక్కితే ఏ సైకిలు ఆగుతుంది?" అని తేల్చేశాడు.

మూడో రోజూ కషాయం విరిగింది. పసిది కళ్లు తెరవడం మానేసింది.

గురవయ్య ఏడుపు ఆపుకుంటూ, కోట గుమ్మం దగ్గర పంక్చర్లు వేసే మస్తానమ్మ దగ్గరికి వెళ్లాడు. "పంక్చరమ్మే దిక్కయింది పాపం" అంటూ ఆ ఇద్దరూ వేడుక చూడ్డానికి వెంట వచ్చారు.

మస్తానమ్మ సైకిలును ముట్టుకోలేదు. గురవయ్యకు మంచినీళ్లిచ్చి, "ఎక్కడ జారుతోంది అన్నా?" అంది.

"ఎక్కుడులోనే అమ్మా. చదునులో జారదు."

"ఏ గేరులో?"

గురవయ్య ఆలోచించాడు. "రెండోదాంట్లోనే. మూడోదాంట్లో జారదుగానీ నా బలం చాలదు. ఒకటోదాంట్లోనూ జారదు, కానీ నత్తనడక, ఎండెక్కిపోతుంది."

"ఎప్పట్నుంచి రెండోదాంట్లో ఎక్కుతున్నావు?"

"నాలుగేళ్లు. రోజూ అదే."

"అడుగుతోందిరా, సిగ్గులేకుండా అడుగుతోంది" అని సూరపరాజు గొణిగాడు.

మస్తానమ్మ అప్పుడు గుడ్డ తీసుకుని వెనక పళ్ల చక్రాల మడ్డి తుడిచింది. నాలుగు చక్రాల పళ్లు నిటారుగా ఉన్నాయి. రెండో గేరు చక్రం పళ్లు మాత్రం అరిగి, కొడవలి మొనల్లా ఒకవైపుకు వంగాయి.

"పాత చైను, ఈ చక్రం నాలుగేళ్లు కలిసి అరిగాయి. ఒకదానికొకటి సర్దుకున్నాయి, పళ్లు మరీ అరిగాక అదీ జారింది. కొత్త చైను ఈ పళ్ల మీద కుదురుకోలేక జారుతోంది. ఆచారిగారు అన్నది నిజమే, చైను సాగింది. సూరపరాజుగారు అన్నదీ నిజమే, తీగ వదులైంది. ఇది మిగిలిపోయింది, అంతే."

అంటూనే ఆ చక్రం మార్చేసింది.

మర్నాడు గురవయ్య కొండెక్కాడు. ఎక్కడా కటక్‌మనలేదు. మంచు విడవకముందే కషాయం గూడెం చేరింది. పసిదాని నోట్లో చెంచాడు పోశారు. కాసేపటికి ముఖం చిట్లించి, కళ్లు తెరిచి, "చేదు" అంది. ఆ ఒక్క మాటకు తల్లి చేతులు ఆకాశంవైపు లేచాయి. దైవానికి అంతకంటే మంచి స్తోత్రం ఉంటుందా, చెప్పండి?

ఉదయవర్మ మస్తానమ్మను కొలువుకు పిలిపించి, "ఇద్దరు పెద్ద పనివాళ్లకు అంతుచిక్కనిది నీకెలా తెలిసింది తల్లీ?" అని అడిగాడు.

"నాకు తెలియలేదు ప్రభూ. గురవయ్యన్నకు తెలుసు. ఎవరూ ఆయన్ను అడగలేదు."

కొలువులో ఓ మూల నిలబడ్డ కోదండాచారి ఆ మాట విన్నాడు.

మర్నాడు కోదండాచారి కొట్టుకు ఎవరో చక్రం వంకరపోయిన సైకిలు తెచ్చారు. ఆచారి అలవాటుగా చేయి చాచాడు. చాచిన చేతిని వెనక్కి తీసుకున్నాడు. గొంతు సవరించుకుని, "ఇలా కూర్చో నాయనా, ఏమైందో చెప్పు" అన్నాడు.

నాయనలారా, ఎంత నేర్పరికైనా, బాధపడేవాణ్ణి అడిగి వినందే సగం నిజమే దొరుకుతుంది.