తెల్లకడుపు రాళ్ళు

చెప్పండి, ఆ గుట్ట మీద మీరేం చూశారు? బస్సు కిటికీలోంచి ఒక చూపు చూసి, బండలు, ముళ్ళకంపలు, దేనికీ కొరగాని నేల అని తల తిప్పుకున్నారు కదూ? ఆ మాట వింటేనే ఒళ్ళు మండుతుంది. కొరగాని నేల మీద అన్ని ప్రాణాలు ఎట్లా బతుకుతున్నాయో ఒక్కరైనా దిగి చూశారా? లేదు. పోనీ, అక్కడ పుట్టి పెరిగిన ఏదుపంది సుంకమ్మ ఏం చూసిందో వినండి.

ఆ గుట్టకు వాన ఏడాదికి నాలుగు జల్లులు. అదీ దబదబా కురిసి, గబగబా వాగులోకి దిగిపోతుంది. ఎక్కడ గోకినా జానెడు లోతుకే బండ తగులుతుంది. ఉన్న కాస్త మన్నూ బండల పగుళ్ళలోనూ గుంతల్లోనూ దాక్కుని ఉంటుంది. దాని మీద రాళ్ళు, చలికి కప్పుకున్న బొంతలాగా.

సీతాఫలం చెట్ల కింద ఒక గుంత ఉంది, పశువుల కొట్టమంత. అక్కడ మాత్రం మన్ను మోకాలి లోతు. చైత్రంలో గుట్టంతా పెనంలా కాలుతున్నప్పుడు కూడా ఆ గుంతలో రాయి ఎత్తితే కింద చెమ్మ తగులుతుంది. ఆ చెమ్మలో అడవి గడ్డలు ఊరుతాయి. సుంకమ్మ, దాని ఇద్దరు పిల్లలు ఎండాకాలం గట్టెక్కేది ఆ గడ్డలతోనే.

తవ్వడానికి సుంకమ్మ తల్లి ఒక పద్ధతి నేర్పింది. రాయిని ఎత్తు, గడ్డ తీసుకో, మన్ను పూడ్చు, రాయిని ఎట్లా ఉన్నదో అట్లాగే పెట్టు. ప్రతి రాయికీ పైముఖం ఎండకు మాడి నల్లగా ఉంటుంది. కింది ముఖం సున్నం పూసినట్టు తెల్లగా ఉంటుంది. ఆ తెలుపు నేలకే ఆనాలి.

చిన్నప్పుడు సుంకమ్మకు ఆ తెలుపేమిటో తెలుసుకోవాలని ఒకటే ఆరాటం. నాకి చూసింది, చప్పగా ఉంది. గోటితో గీకింది, పొడి రాలింది. వాన నీళ్ళు మన్నులోని సున్నాన్ని కరిగించుకుని రాయి అడుగుకు చేరతాయనీ, నీళ్ళు ఆరిపోయాక సున్నం అక్కడే అంటుకుంటుందనీ, ఒక్కో పొర పట్టడానికి ఎన్ని తరాలు కావాలో ఎవరికీ తెలియదనీ తల్లి చెప్పింది. తిప్పి పెడితే ఏమవుతుందని పిల్ల అడిగింది. తల్లి కసిరింది. కసిరితే ఆగే రకమా అది? పుట్ట పక్కనున్న ఒక రాయిని తెల్లకడుపు ఆకాశానికి పెట్టి వచ్చింది. తల్లి చూసి, "తిప్పినావు కదా, ఇంక దాన్నట్లే ఉండనీ. ఏమవుతుందో నువ్వే చూసుకో" అంది.

ఆ సంగతి అట్లా ఉంచండి.

ఈ ఏడాది ఎండలు ముదిరాక సుంకమ్మ పిల్లల్ని తీసుకుని గుట్ట అవతలి వాగుకు పోయింది, చెలమ నీళ్ళ కోసం. వారానికి తిరిగి వచ్చేసరికి గుంత చుట్టూ రాళ్ళ గోడ. గోడ మీద కాలు మీద కాలు వేసుకుని నక్క తిరిపాలు. కింద చేలల్లో కుక్కల పోరు పడలేక పైకి వచ్చినవాడు. కబుర్లతోనే కడుపు నింపుకునే రకం.

"ఎవరది, మా తాత కయ్య నేలలో కాలు పెట్టేది? ఓ, సుంకమ్మొదినా?"

సుంకమ్మ మొదట నవ్వులాట అనుకుంది. తిరిపాలు మాత్రం తొణక్కుండా చెప్పుకొచ్చాడు. ఈ గోడ వాళ్ళ తాత పేర్చిందట. గుంత వాళ్ళ వంశానిదట. తను కొన్నాళ్ళు కింద ఉండి, ఇప్పుడు సొంత చోటికి వచ్చాడట. ఇకమీదట కౌజుపిట్టలైనా కుందేళ్ళైనా ఆ నీడలోకి తనను అడిగే రావాలట. ఒంటరిగా, పొద్దుగూకాక.

"ఇదెప్పటినుంచో మాది" అంది సుంకమ్మ.

"కావచ్చు వదినా. ఆనవాలు చూపించు. ఒక్క గోతి గుర్తు చాలు."

సుంకమ్మ గుంతంతా కలయజూసింది. ఒక్క గుర్తూ లేదు. ఎట్లా ఉంటుంది? బతుకంతా పూడ్చి, సర్ది, రాయిని రాయి చోట పెట్టుకుంటూ వచ్చింది. పద్ధతిగా బతికినందుకు దక్కిన ఫలం అదీ.

గుంత పోతే పిల్లలకు మిగిలేది కింద వేరుశనగ చేలే. అక్కడ పందుల కోసం కరెంటు తీగ పెట్టారు. పోయిన ఎండాకాలం సుంకమ్మ మొగుడు ఆ చేలోకి దిగి మళ్ళీ రాలేదు.

గుట్టకు పెద్ద ఎలుగుబంటి బయ్యన్న. మనసు మంచిదే గానీ కంటికి కనబడితే తప్ప నమ్మడు. మర్నాడు తెల్లవారుతుండగానే గుంత దగ్గర పంచాయితీ పెట్టాడు. కుందేళ్ళు, కౌజులు, తొండలు అన్నీ చేరాయి. అంతకు ముందు గోడ ఉందో లేదో వాటిలో ఎవరూ సరిగా చూసుకోలేదు, ఎండకు ఆ నీడలో కునుకు తీసి పోవడమే. తిరిపాలు తాత కష్టం గురించి కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ చెప్పాడు. కొన్ని కౌజులు ముక్కులు చీదుకున్నాయి కూడా, తమను తినడానికే అతను కాచుక్కూర్చున్నాడని మరిచిపోయి.

"గోడ కళ్ళెదుట ఉంది. నీ పక్క ఏముంది సుంకమ్మా?" అని బయ్యన్న అడిగాడు.

"ఏమీ లేదన్నా. చెరపకుండా బతికితే గుర్తులేముంటాయి?"

మాట బాగుందిగానీ తీర్పుకు పనికిరాదన్నట్టు బయ్యన్న తల గోక్కున్నాడు. తీర్పు చెప్పడానికి గొంతు సవరించుకుంటూ ఉండగా గుట్ట వెనకనుంచి పొద్దు పొడిచింది. వెలుగు గోడ మీద పడింది. సుంకమ్మ కళ్ళు చికిలించింది. గోడ మెరుస్తోంది. గుట్ట మీద రాళ్ళన్నీ మాడిన రొట్టెల్లా ఉంటే, ఈ గోడ మాత్రం మజ్జిగ చిలకరించినట్టు తెల్లటి మచ్చలతో ఉంది. ఎందుకట్లా ఉంది?

దిగులు పక్కన పెట్టింది సుంకమ్మ. చిన్నప్పటి ఆరాటమే మళ్ళీ లేచింది. గోడ చుట్టూ తిరిగింది. ముక్కు ఆనించింది. ఒక రాయిని నాకింది.

"ఆకలైతే చెప్పొచ్చు కదా వదినా, రాళ్ళు నాకడమెందుకు" అన్నాడు తిరిపాలు. అందరూ నవ్వారు.

సుంకమ్మ కోపం తెచ్చుకోలేదు. "ఒక్క మాట మరిదీ. మీ తాత పేర్చినాక ఈ రాళ్ళను ఎవరన్నా కదిలించినారా?"

"తోక కూడా తగల్లేదు."

"పై వరుస?"

"పై వరుస అయితే మా తాత తన చేతులతో పెట్టిందే. ఆయన మీద ఒట్టు."

"బయ్యన్నా, చెదల కోసం నువ్వు రోజూ రాళ్ళు ఎత్తుతావు కదా. రాయికి తెలుపు ఎటు ఉంటుంది?"

"ఎటేముంది, కిందికే." అంటూనే బయ్యన్న గోడ వైపు చూశాడు. మళ్ళీ చూశాడు. లేచి వచ్చి ఒక రాయి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. పంచాయితీ అంతా మెడలు సాచింది.

తిరిపాలు తడబడలేదు. మెచ్చుకోవాల్సిందే, అబద్ధానికి అంత ఓపిక ఉండాలి. "తెల్లగా ఉంటే చూడముచ్చటగా ఉంటుందని మా తాతే అట్లా పెట్టినాడు. సరదా మనిషి" అన్నాడు.

బయ్యన్న చేయి ఆగిపోయింది. అదీ నిజం కావచ్చు కదా అన్నట్టు సుంకమ్మ వైపు చూశాడు.

సుంకమ్మ అందర్నీ రమ్మని ముందు నడిచింది. పుట్ట పక్కన ఒక రాయి దగ్గర ఆగింది. "ఇది నేను పిల్లగా ఉన్నప్పుడు తిప్పింది. అమ్మ కసిరినా వినకుండా తిప్పింది. ఈ గుట్ట మీద నేను చెరిపింది ఇదొక్కటే. చూడండి."

చూశారు. పైకి తిరిగిన తెలుపు వానలకు కరిగి, ఎండలకు మాడి, బూడిద రంగుకు దిగింది. గోటికి పొడి కూడా రాలలేదు.

"నా ఒక్క వయసుకే ఇది ఇంత మాసింది. మీ తాత తిప్పిన రాళ్ళు నిన్న సున్నం కొట్టినట్టు ఎట్లా ఉన్నాయి మరిదీ?"

తిరిపాలు తోక కాళ్ళ సందున ముడిచాడు.  అప్పటికే ఒక కుందేలు గుంత పైనున్న వాలు దాకా పోయి వచ్చి, రాళ్ళు పీకిన చోట్లు పళ్ళూడిన చిగుళ్ళలా ఎర్రగా ఉన్నాయని చెప్పింది. ఆ వాలు ఒళ్ళంతా గాయాలేనని చెప్పింది.

బయ్యన్న తీర్పు చిన్నది. ప్రతి రాయినీ దాని గుంటలోనే, తెల్లకడుపు కిందికి పెట్టి రావాలి. అదేం పని, చిటికెలో అయిపోతుందని తిరిపాలు అనుకున్నాడు. కానీ రాయి వేరే గుంటలో కూర్చోదు, ఊగుతుంది. ఏ రాయి ఏ గుంటదో పీకినప్పుడు చూశాడా? ఎండలో నాలుక వేలాడేసుకుని ఒక్కో రాయినీ పది గుంటల్లో పెట్టి చూస్తూ తిరిగాడు. కౌజులు దూరంగా కూర్చుని, కొంచెం ఎడమకు, ఇంకొంచెం అంటూ దారి చెప్పాయి.

సగం రాళ్ళు చేరాయో లేదో వాన దిగింది. దబదబా కురిసింది. రాళ్ళు చేరిన చోట నీళ్ళు వాటి సందుల్లో ఆగి ఆగి, తేటగా జారిపోయాయి. బోడి గుంటలున్న చోట నెత్తురులా ఎర్రటి నీళ్ళు పారాయి. ఒక్క జల్లే. ఆగేసరికి ఆ వాలు మీద గుంటలూ లేవు, మన్నూ లేదు. కడిగిన కంచంలా బండ తేలింది.

తిరిపాలు ఒక రాయిని పొట్టకు హత్తుకుని ఆ బండ మీద నిలబడ్డాడు.

"పెట్టు మరి" అన్నాడు బయ్యన్న.

ఎక్కడ పెట్టాలో తిరిపాలుకు తెలియలేదు. బయ్యన్నకూ తెలియలేదు. కాసేపటికి తిరిపాలు రాయిని అక్కడే దించి, ఎవరి ముఖమూ చూడకుండా గుట్ట దిగిపోయాడు.

సుంకమ్మ గుంతలోకి వచ్చి ఒక రాయి ఎత్తింది. గడ్డ తీసి పిల్లలకు విరిచి పెట్టింది. మన్ను పూడ్చింది. చిన్న పిల్ల రాయి అడుగు నాకి, "అమ్మా, ఇదెందుకు తెల్లగుంది?" అంది. సుంకమ్మ కసరలేదు. కూర్చోబెట్టుకుని చెప్పింది. చెబుతూ పైవాలు మీద తేలిన బండ వైపు ఒకటికి రెండుసార్లు చూసింది.

రాయి నేలకు చర్మం. ఒలవడం ఎవడికైనా చేతనవుతుంది, తిరిగి కప్పడం ఎవడి వల్లా కాదు.

మరి మీ ఊరి గుట్ట మీద రాళ్ళ తెల్లకడుపులు ఇప్పుడు ఎటు చూస్తున్నాయి?