మూసుకోని కత్తెర

ఒకప్పుడు ఏట్రింత తోక చీలి ఉండేది కాదు. ఆ పిట్ట ఒంటికి నలుపు ఎక్కడినుంచి వచ్చిందో ఇక్కడ చెప్పబోవడం లేదు. అది పశువుల వీపు మీద ఎందుకు కూర్చుంటుందో కూడా చెప్పబోవడం లేదు. వలకాడి బుట్టలోకి వెళ్ళిన ప్రాణం తరువాత ఏమైందన్నది అసలే అడగవద్దు. చెప్పవలసింది తోక సంగతి. అది మాత్రం ఉన్నదున్నట్టు చెప్పుకుందాం.

ఆ రోజుల్లో ఏట్రింత పిట్టలన్నింటికీ క్షురకుడు. దాని తోకే దాని కత్తెర. ఉక్కు కత్తి అలుగుల్లా పదునైన పొడవాటి ఈకలు రెండు, వాటిని కలిపే చోట ఆవగింజంత ఇనుప సీల. పని ఉన్నప్పుడు ఆ అలుగులు తెరుచుకునేవి. పని ముగియగానే ఒకదానిమీద ఒకటి చేరి, ఒకే ఈకలా మూసుకునేవి. దూరాన్నుంచి చూసినవారికి అక్కడ కత్తెర ఉన్నదనే తెలిసేది కాదు.

ఏటేటా రోహిణి కార్తె ఎండలకు పిట్టల ఈకల చివరలు చిట్లిపోయేవి. చిట్లిన ఈక మీద వాన నీరు జారిపోదు, లోపలికి దిగుతుంది. తడిసిన పిట్ట ఎగరలేదు. ఎగరలేని పిట్ట బతకదు. అందుకని మృగశిర వానలు పడకముందే అడవిలోని పిట్టలన్నీ ఏట్రింత ఉండే తుమ్మచెట్టు మీదికి వచ్చి వరుసగా కూర్చునేవి.

ఏట్రింతకు పని మీద తప్ప ధ్యాస ఉండేది కాదు. ఒకరి ఈకలు కత్తిరించి, మరొకరు ముందుకు జరిగేలోగా, బూరుగు దూదితో అలుగులు రెండూ తుడిచేది. పిట్టలన్నింటికీ తోక మొదట్లో నూనె ఊరే చిన్న బుడిపె ఉంటుంది. అందులోనుంచి ముక్కుతో ఒక్క చుక్క తీసి సీల మీద ఉంచేది. తరువాత ఒక అలుగును పైకెత్తి వదిలేది. అది తనంతట తాను వాలి సగంలో ఆగాలి. ఆగకుండా పడిపోతే సీల వదులైనట్టు. కదలనే కదలకపోతే బిగిసినట్టు. చివరికి ఒక్క దూది పోగును అలుగుల మధ్య పెట్టి చూసేది. పోగు తెగాలి గాని మడత పడరాదు. అది కూడా చూసుకున్నాకే "ఊఁ, కూర్చో" అనేది.

ఇదంతా తండ్రి నేర్పిన పద్ధతి. "కత్తెరను ఈకకు తప్ప దేనికీ పెట్టకు. తుడవకుండా రెండో కోత కోయకు. అలుగులు తెరిచి ఉంచి నిద్రపోకు. కత్తెర చెడిననాడు మన బతుకు చెడినట్టే." తండ్రి పోతూ పోతూ చెప్పిన మాట కూడా ఇదే.

ఆ ఏడు గోరింకకు ఓపిక బొత్తిగా లేకపోయింది.

"మామా, నువ్వు తుడిచి ముగించేసరికి నా ఈకలు మళ్ళీ పెరిగేట్టున్నాయి! ఆ కత్తెరకు చేసే సేవలో సగం నాకు చేసి ఉంటే ఈపాటికి నెమలినైపోయేదాన్ని."

"నువ్వు గోరింకవే. కదలకుండా కూర్చో."

"అబ్బో, మామ మాట్లాడాడర్రా! ఇవాళ వాన పడి తీరుతుంది!"

కొమ్మమీది పిట్టలన్నీ కిచకిచమని నవ్వాయి. గువ్వ మాత్రం నవ్వలేదు.

"ఊరుకోవే. పోయినేటి గాలివానలో నా రెక్క తడవలేదంటే అది అన్న చేతి చలవే. నా గూట్లో పసివాళ్ళు ఇద్దరు నోళ్ళు తెరుచుకుని ఎదురుచూస్తున్నారు. అయినా నేను కూర్చోలేదూ?"

ఏట్రింత గువ్వ వంతు వచ్చినప్పుడు అలుగులను ఇంకొకసారి తుడిచింది. దాని మన్నన అలాగే ఉండేది.

పని ముగిసింది. దిగువన దున్నిన చేలో జొన్నలు రాలి ఉన్నాయని ఎవరో అన్నారు. పిట్టలన్నీ బిలబిలమంటూ అటు ఎగిరిపోయాయి. ఏట్రింత ఒక్కటే కొమ్మమీద కూర్చుని కత్తెర తుడుచుకుంటోంది. అంతలో గాలి రొప్పుతూ వచ్చింది.

"ఏట్రింతా! చేలో వల!"

"ఎవరిది?"

"వలకాడిది. ఆ గింజలు రాలినవి కావు, వాడు చల్లినవి. వల నిండా జిగురు పూశాడు. వాలినవాళ్ళంతా అందులోనే ఉన్నారు. వాడు గట్టు అవతల బుట్ట పక్కన పెట్టుకుని చద్దన్నం తింటున్నాడు. తినడం అయిపోవచ్చింది."

ఏట్రింత కాలిలో దూదితోనే ఎగిరింది.

చేలో వల నేలకు అంటుకుని కనిపించీ కనిపించకుండా ఉంది. దాని తాళ్ళలో చిక్కి రెక్కలు కొట్టుకుంటున్నాయి. గోరింకలు, పికిలిపిట్టలు, చిలకలు. ఆ చివరి మూలన గువ్వ. వల తాళ్ళు నారతో పేనినవి. వాటిమీద జిగురు ఎండకు మెరుస్తోంది. ఏట్రింత వాలి, ఆ తాళ్ళను చూసి నిలబడిపోయింది. ఈకకు తప్ప దేనికీ పెట్టకు అన్న తండ్రి గొంతు చెవిలో వినిపించింది.

"మామా, అలా చూస్తావేం! వెక్కిరించానని తరువాత తిట్టుకుందువు గాని, ముందు కొయ్యి!" అని గోరింక అరిచింది.

ఏట్రింత కత్తెర తెరిచింది. పుట్టి బుద్ధెరిగాక తండ్రి మాట దాటడం అదే మొదలు. ఒక తాడు తెగింది. గోరింక బయటపడింది.

జిగురు అలుగులకు అంటుకుంది. ఏట్రింత అలవాటు చొప్పున వెనక్కి తిరిగి, దూదితో తుడిచింది. సీల మీద నూనె చుక్క ఉంచింది. అలుగును ఎత్తి వదిలింది. సగంలో ఆగింది. అప్పుడు రెండో తాడు కోసింది. మళ్ళీ తుడిచింది.

"అన్నా, వాడు లేచాడు," అని గువ్వ మెల్లగా అన్నది.

"ఓర్చుకో చెల్లీ. తుడవకపోతే సీల పట్టేస్తుంది. పట్టేస్తే ఎవరినీ విడిపించలేను."

ఆ మాటలో అబద్ధం లేదు. కత్తెర సంగతి తెలిసినవారు ఎవరైనా అలాగే అంటారు.

"అన్నా, గట్టు దిగాడు."

"ఇదిగో, వస్తున్నాను."

ఏట్రింత దూది పోగును అలుగుల మధ్య పెట్టి, తెగిందో మడత పడిందో చూసుకుంటోంది. అప్పుడే నేలమీద ఒక నీడ పడింది. ఒక చేయి ఆ చివరి మూలకు వంగింది. గువ్వను పట్టి బుట్టలో వేసింది.

గువ్వ కేక పెట్టలేదు. ఏట్రింతను ఒక్క మాట అనలేదు.

"పిల్లలు, అన్నా," అన్నది. బుట్ట మూత పడింది.

ఏట్రింత కాలిలోనుంచి దూది జారి గాలికి కొట్టుకుపోయింది.

ఇక అది తుడవలేదు. వెనక్కి తిరిగి చూసుకోలేదు. ఒక తాడు మీద మరొక తాడు, వలకాడి వేళ్ళ సందుల్లోనుంచి, కాళ్ళ మధ్యనుంచి కోసుకుంటూ పోయింది. అలుగులకు జిగురు పట్టింది. జిగురుకు దుమ్ము పట్టింది. సీల కిర్రుమంది. ఒక్కొక్క పిట్టే పైకి లేస్తోంది.

ఆకాశంలో మబ్బు కమ్మింది. వాన పైనుంచి పలికింది.

"ఏట్రింతా, నేను దిగుతున్నాను. కత్తెర మూసుకో."

"ఇంకా ఉన్నారు."

"నీ సీలలోకి దిగుతాను. అది నా స్వభావం. తరువాత నన్ను అనకు."

"దిగు," అన్నది ఏట్రింత.

వాన దిగింది. చివరి తాడు తెగింది. ఆఖరి చిలక ఎగిరిపోయింది. వలకాడు తెగిన వలను కాలితో తన్ని, బుట్ట నెత్తికెత్తుకుని నడిచాడు. ఏట్రింత వెంటపడింది. బుట్ట మూతకు కట్టిన తోలు పట్టీని కత్తెరతో పట్టింది. తోలు తెగలేదు, అలుగుల మధ్య మడత పడింది. వలకాడు తలగుడ్డ తీసి విసిరికొట్టాడు. ఏట్రింత బురదలో పడింది. అది లేచేసరికి వాన తప్ప ఎదురుగా ఏమీ కనిపించలేదు.

అది తన తుమ్మచెట్టుకు వెళ్ళలేదు. గువ్వ గూడు ఉన్న రేగుచెట్టు వెతుక్కుంటూ వెళ్ళింది. పిల్లలు రెండూ తడిసి వణుకుతున్నాయి.

"మా అమ్మ ఏది?" అని అడిగాయి.

ఏట్రింత గూటి అంచున కూర్చుని, తెరిచిన తోకను వాటిమీద చాపింది. వాన వెలిసేదాకా అలాగే ఉంది.

వెలిశాక తోక మూయబోయింది. మూసుకోలేదు. నూనె చుక్క ఉంచింది. కాసేపు ఆగి మళ్ళీ ఉంచింది. సీల తిరగలేదు. లోపలినుంచి తుప్పు పలికింది.

"నేను వచ్చేశాను. ఇక కదిపితే సీల విరుగుతుంది."

"కదపను. ఉండు," అన్నది ఏట్రింత.

పిట్టలన్నీ వచ్చాయి. గోరింక నోట వేళాకోళం లేదు.

"మామా, సానరాయి తెస్తాం. పట్టిద్దాం."

"సాన పదును పోయినదానికి. ఇది పట్టేసింది."

"మరి ఇకనుంచి మా ఈకలు ఎవరు చూస్తారు?"

"మీరే. నూనె మీ తోక మొదట్లోనే ఉంది. ముక్కుతో తీసుకుని ప్రతి ఈకకూ రాసుకోండి. చివర చిట్లకముందే దువ్వుకోండి. రోజూ చెయ్యండి. ఒక్కరోజు మానినా వాన కనిపెడుతుంది."

"మమ్మల్ని బతికించావు మామా," అన్నది గోరింక.

"ఒకరిని బతికించలేదు," అని ఏట్రింత మొహం తిప్పుకుంది.

ఆ పూటే కాకి వచ్చింది. తల్లి లేని గూడును దూరాన్నుంచే పసిగట్టింది. ఏట్రింత రివ్వున లేచింది. తెరిచి ఉన్న తోక గాలిని రెండుగా చీల్చింది. కాకి ఎటు తిరిగితే అటు, దానికంటే ముందే మళ్ళింది. మూసిన తోకతో ఏనాడూ అంత చురుగ్గా మళ్ళలేదు. కాకి తనకంటే ఎంతో పెద్దదన్న సంగతి దానికి గుర్తు రాలేదు. కొండ దాటేదాకా కాకిని తరిమి వచ్చింది.

ఏట్రింతది పురుగులు పట్టే ముక్కు. గింజలు ఏరడం దానికి రాదు. ఆ పిల్లల కోసం నేర్చుకుంది. గువ్వపిల్లలు పెరిగి రెక్కలు వచ్చి ఎగిరిపోయాయి. అవి మళ్ళీ తల్లి సంగతి అడగలేదు. ఏట్రింత చెప్పలేదు.

మరుసటి ఏడు గూళ్ళు కట్టుకునే కాలం వచ్చింది. గిజిగాడు ఒక తాటాకు కమ్మ ముక్కున కరుచుకుని వచ్చి, తుమ్మకొమ్మ మీద పెట్టి వెళ్ళిపోయింది. కమ్మ మీద ఇలా ఉంది.

"ఏట్రింత మామకు గువ్వలు, గోరింకలు, పికిలిపిట్టలు నమస్కరించి రాసుకున్నది. నీ చెట్టు మీద గూళ్ళు కట్టుకోవాలని మా కోరిక. నీ పక్కన ఉంటే మా పిల్లలు బతుకుతారని మా నమ్మకం. నీకు ఇష్టం లేకపోతే ఒక్క మాట పంపు. రాము."

ఏట్రింత ఆ కమ్మను చదివింది. "నమ్మకం" అన్న మాట దగ్గర చాలాసేపు ఆగింది. రమ్మనడానికి దానికి నోరు రాలేదు. వద్దనడానికీ రాలేదు. కమ్మను కొమ్మల పంగలో దాచి, చిటారుకొమ్మకు వెళ్ళి నాలుగు దిక్కులూ చూస్తూ కూర్చుంది.

పిట్టలు కొన్నాళ్ళు ఎదురుచూశాయి. మాట రాలేదు. ఒక్కొక్కటే పుల్ల కరుచుకుని వచ్చాయి.

అప్పటినుంచే ఏట్రింత తోక తెరిచిన కత్తెరలా రెండుగా చీలి ఉంటోంది. అప్పటినుంచే పిట్టలన్నీ తమ ఈకలకు తామే నూనె రాసుకుని దువ్వుకుంటున్నాయి. అప్పటినుంచే చిన్నపిట్టలు ఏట్రింత ఉన్న చెట్టును వెతికి, దాని కింది కొమ్మల్లో గూళ్ళు కట్టుకుంటున్నాయి. కాకి గాని, గద్ద గాని అటు రావడానికి జంకుతాయి.

ఆ కమ్మకు ఏట్రింత ఈనాటికీ జవాబు పంపలేదు.