బండ మీద ఒక్కో చుక్క

"సుధన్వా! ఓ సుధన్వా! ఉన్నావా, నా మొహం చూడకుండానే పారిపోయావా?"

బండ వెనకనుంచి పిలుపు. బయట కుండ నింపుతున్న రాజకుమారుడు నవ్వాడు. "ఉన్నాను రాకుమారీ! నీళ్ళకి వెళ్ళొచ్చాను."

ఏడు సముద్రాల అవతల కరాళకంఠుడనే మాంత్రికుడు హేమవల్లి అనే రాకుమార్తెను గుహలో పెట్టి బండతో మూసేశాడు పిల్లలూ! వాడి ప్రాణమున్న చిలకా ఆమె దగ్గరే ఉంది. దాని పీక నులిమేయొచ్చుగా అంటారా? వాడు చస్తే బండ తెరిచే మంత్రమూ వాడితోనే పోతుంది. ఇక జన్మంతా లోపలే! చిలకకి గాలాడేందుకు వదిలిన సన్నని చీలికలోంచే ఆమె మాటలు వినిపించేవి.

కూతుర్ని తెచ్చినవాడికి పెళ్ళితోపాటు అర్ధరాజ్యం ఇస్తానన్నాడు ఆమె తండ్రి. ముగ్గురు అన్నదమ్ములు బయల్దేరారు. పెద్దవాడు సమ్మెటతో కొట్టాడు. కొట్టిన దెబ్బ కొట్టినవాడికే తగిలే బండ అది! చెయ్యి విరిగింది. రెండోవాడు ఏనుగుతో కుమ్మించాడు. ఏనుగూ తనూ కలిసి సముద్రంలో పడ్డారు.

మూడోవాడు సుధన్వుడు. అతన్ని వీపున మోస్తూ సముద్రాలు దాటించిన తాబేలు చెవిలో, "కొట్టనట్టు కొట్టు నాయనా" అంది. వేసవిలో శివుడి నెత్తిన వేలాడే చిల్లుకుండ గుర్తొచ్చిందతనికి. నీళ్ళు జారిపడేచోట రాయి గుంటపడటం చిన్నప్పుడే చూశాడు. వెంటనే బండ మీద అలాంటి కుండే కట్టాడు.

చుక్క... చుక్క... చుక్క.

మాంత్రికుడు రోజూ వచ్చి పగలబడి నవ్వేవాడు. "ఏరా, బండకి స్నానమా? నలుగు కూడా పెట్టు!"

మొదటి ఏడు తడి తప్ప ఏమీ లేదు. రెండో ఏడు పెసరగింజంత గుంట. మూడో ఏడు వేలు దూరింది!

"ఇంత దూరం నాకోసమే వచ్చావా?" అనడిగేది హేమవల్లి.

"మరెవరికోసం?" అనేవాడు, కుండ వైపు తిరిగిపోతూ.

నాలుగో ఏడు ఆమెకు జ్వరమొచ్చింది. మూడు రోజులు లోపల్నుంచి మాటే లేదు. సుధన్వుడు అన్నం ముట్టలేదు, కుండ నింపడం మాత్రం మానలేదు.

ఏడో ఏడు ఒక పొద్దున, "సుధన్వా! చుక్క నా నుదుటి మీద పడింది!" అని కేక. ఫెళఫెళమంటూ బండ రెండు చెక్కలైంది! మాంత్రికుడు పరుగెత్తుకొచ్చేలోగా హేమవల్లి చిలక మెడ పుటుక్కుమనిపించింది. వాడు నిలువునా కూలిపోయాడు.

వాళ్ళిద్దరూ పెళ్ళాడి, మునిమనవళ్ళని ఎత్తుకునేదాకా రాజ్యమేలారు. కానీ అంతకుముందు, పెళ్ళిపీటల మీద తాళి కట్టబోతూ సుధన్వుడు ఆగిపోయాడు.

"ఏమైందండీ?"

"అబద్ధమాడాను హేమా. నీకోసం రాలేదు, అర్ధరాజ్యం కోసం వచ్చాను. ఏ రోజు మారానో నాకే తెలీదు. రోజుకింత, రోజుకింత... నీ మాట వినబడని ఆ మూడు రోజుల్లో చూసుకుంటే, నాలో రాజ్యానికి చోటే మిగల్లేదు. నువ్వంటే నాకు ప్రాణం."