కాపలాకు పనికిరాని పిసినారి

ఒకానొక రాజ్యంలో పొద్దువాలితే కోటలో ఎవరూ నోరు విప్పేవారు కాదు. దగ్గు వచ్చినా ఉత్తరీయం నోట్లో కుక్కుకునేవారు. ఎందుకంటే ఆ వేళకు కొలువుకూటం నేల కింద నుంచి కర్ర చప్పుడు వచ్చేది.

టక్. కాసేపు ఆగి, మళ్ళీ టక్.

ఆ రాజ్యం పేరు ఉదుంబరం. రాజు పేరు రణభైరవదేవుడు. నేల కింద ఆ కర్ర చప్పుడు చేసేవాడి పేరు గుండన. గుండన చచ్చి చాలా కాలమైంది.

రణభైరవుడి తాత తన బంగారమంతా ఇత్తడి కొప్పెరల్లో పోసి నేలమాళిగలో దాచాడు. కావలి లేని నిధి బొగ్గులైపోతుందని ఆ రాజ్యంలో గట్టి నమ్మకం. బతికున్న కావలివాడు నిద్రన్నా పోతాడు, దొంగతనమన్నా చేస్తాడు. చచ్చినవాడు రెండూ చేయడు. అందుకని తన ఖజానా చూసే భాండాగారి గుండనను ఆ కొప్పెరల మధ్య కూర్చోబెట్టి, ప్రమాణం చేయించి, తలుపు మూసేశాడు.

ఆ ప్రమాణం ఇది. "ఈ సొమ్ము నాదే అనుకుంటాను. బతికుండగా నా సొమ్మును ఎలా చూసుకున్నానో, చచ్చాక దీన్ని అలాగే చూసుకుంటాను." కొప్పెరలో చెయ్యిపెట్టి ముమ్మారు చెప్పాలి. చెప్పినవాడు ప్రాణం పోయినా ఆ మాట దాటలేడు.

గుండన దొంగ, అందుకే మూసేశారు అని చెప్పేవాళ్ళున్నారు. అది అబద్ధం. వాళ్ళకు కథ తెలియదు, తెలిసినవాళ్ళను అడగరు. గుండన చేసిన తప్పల్లా సొమ్ము దగ్గర జాగ్రత్తగా ఉండటమే.

రణభైరవుడికి ఆ చప్పుడంటే మహా గర్వం. పొరుగు రాజుల దూతలు వస్తే వాళ్ళను పొద్దువాలేదాకా కూర్చోబెట్టి, "విన్నారా? అది మా ఐశ్వర్యం నడక!" అని మీసం తిప్పేవాడు. దూతలు ముఖాలు పాలిపోయి లేచిపోయేవారు. వాన పడితే సింహాసనం పక్కన బానలు పెట్టేవారు, కప్పు కారకుండా పెంకులు వేయించడానికి రాజు ఒక్క నాణెం కూడా బయటికి తీయనిచ్చేవాడు కాదు మరి.

ఒక ఆషాఢంలో ఆ చప్పుడు ఆగిపోయింది.

మొదటిరోజు ఎవరూ ఆ మాట ఎత్తలేదు. మర్నాడూ చప్పుడు రాలేదు. రాజు కిరీటంతోనే నేలమీద బోర్లా పడుకుని చెవి ఆనించి విన్నాడు. కింద ఏమీ లేదు. ఏమీ లేకపోవడం ఎంత పెద్దగా వినిపిస్తుందో ఆ రోజు కోటంతా తెలుసుకుంది.

ఆస్థాన మాంత్రికుడు ఓబుళసిద్ధుడిని పిలిపించారు. ఆయన కళ్ళార్పడు. మనిషిని చూస్తే ముందు మెడ చూస్తాడు, తర్వాత ముఖం చూస్తాడు.

"గుండనకు ఓపిక అయిపోయింది మహాప్రభూ," అన్నాడు. "అమావాస్యలోగా కొత్తవాణ్ణి కూర్చోబెట్టాలి. లేకపోతే కొప్పెరల్లో బొగ్గులే మిగులుతాయి. మామూలు మనిషి పనికిరాడు. చేతిలో పడ్డ కాసును విడవనివాడు కావాలి."

సరిగ్గా అప్పుడే బాచన లోపలికి వచ్చాడు.

బాచన ఆస్థానంలో మాటకారి. రాజును నవ్వించడం అతని కొలువు. అతని పిసినారితనం చూసి మాత్రం అందరూ అతన్నే నవ్వేవారు. చెప్పులు అరిగిపోతాయని చంకలో పెట్టుకుని నడిచేవాడు. పంచెకు అతుకు వేసి, ఆ అతుకుకు మళ్ళీ అతుకు వేసేవాడు. ఇంట్లో రాగి సంకటి, ఉల్లిపాయ. పండగైతే ఇంకో ఉల్లిపాయ.

"ప్రభూ, నాకు సెలవు ఇప్పించాలి," అన్నాడు బాచన.

"ఎన్నాళ్ళు?"

"ఇక రాను ప్రభూ."

రాజు నేలమీద నుంచి లేచి కిరీటం సర్దుకున్నాడు. "ఎవడి కొలువుకు పోతున్నావురా?"

"ఎవరి కొలువుకూ పోను. నాకూ మా ఇంటిదానికీ బతికినన్నాళ్ళు సరిపడా సమకూరింది. వయసులో ఉన్నప్పటి నుంచీ కడుపు కట్టుకుని పాటుపడింది దీనికోసమే. ఇకనుంచి నా పొద్దు నాది."

కొలువంతా గుసగుసలు. రాజు ముఖం కందగడ్డలా అయింది. తన ఉప్పు అక్కర్లేనివాడు ఒకడు తన ఎదుటే నిలబడటం ఆయన ఎన్నడూ చూడలేదు.

"అంటే, రాజు లేకుండా బతుకుతావన్నమాట!"

"రాజు ఉంటారు ప్రభూ. జీతం ఉండదు."

ఒకరిద్దరు నవ్వారు. ఓబుళసిద్ధుడు నవ్వలేదు. బాచన మెడ చూస్తూ రాజు చెవిలో ఏదో ఊదాడు. రాజు మీసం మెల్లగా పైకి లేచింది.

"బాచనా! నీలాంటి పిసినారి ఈ రాజ్యంలో ఇంకొకడు లేడు. మా కొప్పెరలకు నువ్వే తగిన కావలివి. అమావాస్య మధ్యాహ్నం ప్రమాణం చేస్తావు, తలుపు మూస్తాం. ప్రమాణం చేయనన్నావో, నీ పెళ్ళాన్ని కూడా నీ పక్కన కూర్చోబెట్టి మూస్తాం."

బాచన నోట ఆ రోజు హాస్యం రాలేదు.

ఇంటికి వెళ్ళి చెప్పాడు. అతని భార్య పేరక్క సంకటి వడ్డిస్తున్నదల్లా అలాగే ఉండిపోయింది.

"రాగి చెంబు కొందామంటే వద్దన్నావు," అంది చివరికి. "మా చెల్లెలి పెళ్ళికి కొత్తచీర కట్టుకుంటానంటే వద్దన్నావు. అన్నీ తర్వాత, అన్నీ తర్వాత! ఇంక కొన్నాళ్ళే పేరక్కా, ఆ తర్వాత మనల్ని అడిగేవాడుండడు అన్నావు. ఇదా ఆ తర్వాత?"

"నన్నేం చెయ్యమంటావే? సొమ్ము బాగా దాస్తానని రాజు అనుకున్నాడు."

"దాచావా?" పేరక్కకు ఏడుపుతోపాటు కోపం వచ్చింది. "ఏనాడైనా ఇంట్లో ఒక్క పూట డబ్బును కూర్చోనిచ్చావా? అది గడపలోకి రాకముందే బయటికి తోలేశావు. నీకు కాపలా ఏం తెలుసని నిన్ను కాపలా పెడుతున్నాడయ్యా ఆ రాజు!"

కంచం ముందు కూర్చున్న బాచన చేతిలో ముద్ద నోటిదాకా వచ్చి ఆగిపోయింది. తర్వాత ఆ ముద్ద తిన్నాడు, ఇంకా కాస్త వడ్డించమన్నాడు.

అమావాస్య వచ్చింది. మిట్ట మధ్యాహ్నమే అయినా మబ్బు పట్టి కోట నల్లబడింది. నేలమాళిగ తలుపు తీస్తే లోపలి నుంచి చల్లటి గాలి వచ్చి దివిటీలను వంచింది. ముందు రాజు, వెనక సిద్ధుడు, ఆ వెనక బాచన, ఇద్దరు భటులు. మెట్లు తడిగా, జారుడుగా ఉన్నాయి. కిందికి దిగేకొద్దీ పాత కర్పూరం వాసన, దాని కింద ఇంకేదో వాసన.

కొప్పెరలు వరుసగా ఉన్నాయి. వాటి మధ్య గోడకు ఆనుకుని గుండన కూర్చునే ఉన్నాడు. ఎముకలు మాత్రమే. ఎడమచెయ్యి మణికట్టు దాకా కొప్పెరలో ఉంది. ఆ పిడికిలి బిగించి ఉంది. కుడిచేతిలో కర్ర.

కర్ర కాదు, కర్రముక్క. బొటనవేలంత కూడా లేదు. ఇన్నేళ్ళూ నేలకేసి కొట్టి కొట్టి అరిగిపోయింది. ఇక కొట్టడానికి ఏమీ మిగలలేదు. చప్పుడు ఆగింది అందుకే.

భటుల్లో ఒకడు దివిటీ పక్కకు తిప్పేశాడు.

"కానివ్వు," అన్నాడు రాజు.

బాచన ఒక కొప్పెరలో చెయ్యిపెట్టాడు. "ఈ సొమ్ము నాదే అనుకుంటాను," అన్నాడు గట్టిగా. "బతికుండగా నా సొమ్మును ఎలా చూసుకున్నానో..."

కొప్పెర అంచు మీద ఒక నాణెం ఖణేల్మంది. కిందపడి, దొర్లుకుంటూ దొర్లుకుంటూ పోయి మెట్ల దగ్గర గడపకు తగిలి పడింది. చీకట్లో బాచన బొటనవేలు ఏం చేసిందో ఎవరికీ కనబడలేదు.

"ఏమిటది?" రాజు ఎగిరిపడ్డాడు.

"సగం ప్రమాణమే చేశాను ప్రభూ. సొమ్ముకు అప్పుడే ప్రయాణం ముంచుకొచ్చింది."

"ప్రయాణమా?"

బాచన చెయ్యి బయటికి తీసి రెండు చేతులూ కట్టుకున్నాడు. "తమరు పొరబడ్డారు ప్రభూ. నేను ఖర్చుపెట్టనివాణ్ణే, దాచేవాణ్ణి కాను. మా ఇల్లు తవ్వించండి, ఒక్క కాసు దొరికితే ఇక్కడే కూర్చుంటాను. మిగిల్చిన ప్రతి డబ్బూ బయటికే పంపాను. మేకపిల్లల్ని కొని గొల్లలకు సగపాలుకు ఇచ్చాను. వాళ్ళు మేపుతారు, పుట్టిన పిల్లల్లో సగం నావి. ఆ పిల్లల్ని అమ్మి సాలెవీధిలో ఒక మగ్గం వేయించాను. మగ్గం తెచ్చిందాంతో రేవులో పడవలో వాటా కొన్నాను. నా సొమ్ము ఒకచోట కూర్చోవడం నేను పుట్టి ఎరగను. ఇప్పుడు నన్ను కావలి పెట్టారనుకోండి. నా దయ్యం బతికుండగా చేసిన పనే చేస్తుంది. ఏడాది తిరిగేసరికి మీ కొప్పెరలన్నీ మేకలై కొండల మీద మేస్తుంటాయి. మనిషిని పట్టుకురావాలంటే భటుల్ని పంపుతారు. దయ్యాన్ని ఎవరిచేత పట్టిస్తారు?"

రాజు సిద్ధుడి వైపు చూశాడు. సిద్ధుడు గడ్డం గోక్కున్నాడు. "ప్రమాణం అలాగే పనిచేస్తుంది మహాప్రభూ. అందులో అబద్ధం లేదు."

అప్పుడే ఖణేల్మంది. ఇంకో నాణెం. కొప్పెర అంచు దాటి, నేలమీద దొర్లి, మొదటి నాణెం పక్కనే పోయి పడింది.

ఈసారి బాచన చేతులు కట్టుకునే ఉన్నాడు. గుండన కూర్చున్న వైపు చూడబోయి మానుకున్నాడు.

"అయితే ఎవణ్ణి పెట్టాలి?" అన్నాడు రాజు. "ఎవణ్ణో ఒకణ్ణి పెట్టాలిగదా! నా బంగారం!"

"తాను తినకుండా, ఒకరికి పెట్టకుండా, ఒక్క కాసు కదలనివ్వకుండా పుట్టినప్పటి నుంచీ సొమ్ము మీదే కూర్చున్నవాడు కావాలి," అన్నాడు సిద్ధుడు. "అలాంటివాడైతే ఎన్నాళ్ళయినా ఉంటాడు."

"అలాంటివాడు ఈ రాజ్యంలో ఒక్కడే ఉన్నాడు స్వామీ," అన్నాడు బాచన వినయంగా. "నెత్తిమీద కప్పు కారుతున్నా పెంకులకు కాసు తీయడు. తాత దాచిన సొమ్ము అడుగున ఏముందో చూడను కూడా లేదు. అంత నిష్ఠ నాకెక్కడిది? నేను ఎవరని చెప్పను, తమరికే తెలుసు."

ఓబుళసిద్ధుడు మంత్రవిద్యలో కల్తీ ఎరగనివాడు. శాస్త్రం ఎటు చెబితే అటే. ఆయన మెల్లగా రాజు వైపు తిరిగాడు. ముందు మెడ చూశాడు. తర్వాత ముఖం చూశాడు. తర్వాత, అక్కడ కూర్చోబెట్టడానికి చోటు సరిపోతుందా అన్నట్టు గుండన పక్కనున్న ఖాళీ వైపు చూశాడు.

రాజు ఆ చూపు చూశాడు. ఒకసారి గుండన పిడికిలి వైపు, ఒకసారి తన పిడికిలి వైపు చూసుకున్నాడు. అది కూడా బిగించే ఉంది.

అప్పుడు రాజుకు నవ్వు వచ్చింది. మొదట భయంతో వచ్చింది, తర్వాత నిజంగానే వచ్చింది. పొట్ట పట్టుకుని, కిరీటం ఊగిపోయేలా నవ్వాడు. "సిద్ధుడా, ఆ కళ్ళు అటు తిప్పుకోవయ్యా! నేనింకా చావలేదు!" అని మళ్ళీ నవ్వాడు. భటులు నవ్వారు. బాచన నవ్వాడు.

అందరూ నవ్వడం ఆపారు. ఇంకెవరో ఒకరు మాత్రం కాసేపు నవ్వి, అప్పుడు ఆపారు.

రాజు తొందరగా మాట్లాడాడు. "నీకు సెలవు ఇచ్చాం బాచనా. ఒక కొప్పెర నీది, బహుమానం. మిగతావన్నీ మావి, బొగ్గులయ్యేలోపే వాటిని కూడా నీ గొల్లలకు సగపాలుకు ఇచ్చిరా. మా వాటా మాకు ఎక్కువ రావాలి, మేము రాజులం."

"మందలో రాజుకూ బంటుకూ ఒకటే లెక్క ప్రభూ. సగమే."

"సరే, సగమే! ఇంకేమన్నా కోరుకుంటావా? త్వరగా కోరుకో."

బాచన ఈసారి గుండన వైపే తిరిగి చూశాడు. "ఈయనకు కూడా సెలవు ఇప్పించండి. నేను అడిగితే కోపం వచ్చింది తమకు. ఈయన అడగడానికి నోరు లేదు. నాలుగు కట్టెలు తెప్పించండి, దహనం నేను చేయిస్తాను."

తాత మాటను తిప్పడం ఆ వంశంలో లేదు. అయినా రాజు ఆ అరిగిపోయిన కర్రముక్కను మరోసారి చూశాడు.

"ఇచ్చాం," అన్నాడు. "గుండనా, నీకూ సెలవు."

ఆ మాట పూర్తయిందో లేదో, కొప్పెరలో బిగుసుకున్న పిడికిలి విడిపోయింది. ఎవరూ ముట్టుకోలేదు. అందులో నుంచి బంగారం జలజలా జారి కొప్పెరలో పడింది.

ఉదుంబరంలో మర్యాద ప్రకారం ఎక్కడికి వెళ్ళినా అందరికంటే ముందు రాజే నడవాలి. ఆ మెట్లు ఎక్కేటప్పుడు కూడా రాజే ముందు వెళ్ళాడు. కాకపోతే నడవలేదు, రెండేసి మెట్లు ఎగిరి దూకాడు.