ఎండ వచ్చేదాకా కొంగుముడి

అనగనగా మబ్బులకి ఒక మెట్టు పైన ఒక ఊరుండేది. పేరు చలిగూడెం. కాఫీ తోటల ఊరు. ఆ ఊరి చలి ఎలాంటిదనుకున్నావ్, మిన్నీ? పొద్దున్నే కూయడానికి కోడి నోరు తెరిస్తే, మళ్ళీ మూయడానికి ఎండ రావలసి వచ్చేది! పొయ్యిలో నిప్పు కూడా చలికి ఆగలేక వచ్చి నా దుప్పట్లో దూరేది!

అలాంటి ఊరికి కింద కోనసీమ నుంచి ఒక మహా ధీరురాలు కాపురానికి వచ్చింది. ఎవరనుకున్నావ్? నేనే! మీ అమ్మమ్మ సత్యవేణి! అప్పటికి నాకు పందొమ్మిదేళ్ళు. మీ తాతయ్యకి ఆ తోటలో పని.

పనివాళ్ళ ఇళ్ళ వెనకాల ఒక పెద్ద పొలం ఉండేది. దాన్ని ఇంటికో చిన్న నేల చెక్క చొప్పున పంచేవాడు గంగులు మేస్త్రి. ఇచ్చేటప్పుడే షరతు చెప్పేవాడు. "పుష్యమాసం ఆఖర్న ఊరంతా ఒకే గుండిగలో కూర వండుకుంటాం. ప్రతి చెక్క నుంచీ ఒక్క క్యాబేజీ అయినా అందులో పడాలి. పడలేదో, ఆ చెక్క ఇంకొకరికి!"

నాకు పుట్టింట్లో గానీ అత్తింట్లో గానీ నాదని చెప్పుకోవడానికి జానెడు నేల లేదు తల్లీ. ఆ చెక్క చూసుకుని నా కాళ్ళు భూమ్మీద నిలవలేదు. "మేస్త్రిగారూ, ఒక్కటేం ఖర్మ! బండెడు తెస్తాను. ఒక్కొక్కటీ మీ తలకాయంత!" అనేశాను. మేస్త్రి పాగాతో కలిపి ఆ తలకాయ గుమ్మంలో పట్టేది కాదు మరి.

ఆ తర్వాత మూడు వేల మొక్కలు నాటాను.

"అమ్మమ్మా! నిన్న మూడొందలన్నావు."

సరేలే, ముప్ఫై. మూడు వరసలు, వరసకి పది. నేల మాత్రం ఎలా తవ్వాననుకున్నావ్? నా పార దెబ్బకి పక్క కొండ రెండడుగులు వెనక్కి జరిగింది!

ఆకులు విప్పుకున్నాయి. మధ్యలో గడ్డ చుట్టుకోవడం మొదలైంది. అప్పుడు పడింది మంచు. వాన లాంటి మంచు కాదు, గాజు లాంటి మంచు. ఆకులన్నీ తెల్లగా బిగుసుకుపోయాయి.

ఆ ఊళ్ళో ఒక వింత ఉండేది. అలా మంచు పడ్డ పొద్దున ఆడా మగా అందరూ గట్టు మీద కూర్చుని, మొక్కల వైపు వీపు తిప్పి, టీ తాగేవాళ్ళు! ఒక్కరూ చెక్కలో కాలు పెట్టేవారు కాదు. నాకు ఒళ్ళు మండింది. "ఏంటర్రా ఈ బద్ధకం! పిల్లల్లాంటి మొక్కలు వణికిపోతుంటే!" అన్నాను.

పక్క చెక్క చెల్లాయమ్మక్క నవ్వింది. "కూకో కోనసీమా. ఎండొచ్చేదాకా కూకో."

"ఎందుకు కూర్చోవాలక్కా?"

"కూకుంటే నీకే తెలుస్తాది."

నేనా కూర్చునేది? బిందెడు వేణ్ణీళ్ళు కాచి, పసిపిల్లకి తలంటు పోసినట్టు మొదటి వరసకి పోశాను. మొక్కలు ఒక్కసారి పచ్చగా మెరిశాయి. "చూశారా!" అని అరిచాను. మధ్యాహ్నానికి పదికి పదీ ఉడికిన తోటకూరలా నల్లగా వాలిపోయాయి. ఆ బాధలో, మిగతా రెండు వరసలూ ఎలా తేరుకున్నాయో నేను చూడనే లేదు.

ఆ తర్వాత వారానికి మళ్ళీ మంచు పడేలా ఉంది. ఈసారి సాయంత్రమే తయారయ్యాను. ఉతికి తెచ్చిన చీరలు మూడూ, ఆరకుండానే, రెండో వరసకి కప్పాను. అందులో నా పెళ్ళి చీర కూడా ఉంది, మిన్నీ. తెల్లారి చూస్తే చీరలు అప్పడాల్లా బిగుసుకుని ఆకులకి అతుక్కుపోయాయి. కంగారులో ఒక్క లాగు లాగాను. ఫటఫటమని ఆకులు చీరతోనే వచ్చేశాయి. గడ్డలు చీలిపోయాయి. ఇంకో పది పోయాయి.

గట్టు మీంచి గంగులు మేస్త్రి కేకేశాడు. "సత్యవేణమ్మా, నా తలకాయలు ఎన్ని మిగిలాయి?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంట్లోకి వెళ్ళి తలుపేసుకుని మాత్రం ఏడ్చాను. ఎంత ఏడ్చానంటే, కింద ఏరుకి వరదొచ్చింది!

మూడోసారి మంచు పడింది, ముందు రెండుసార్ల కంటే గట్టిగా. ఊరి వంటకి ఇంక ఆరు రోజులే ఉంది. మిగిలింది పది మొక్కలు. అవి తెల్లబడి, తలలు వాల్చి, చచ్చిపోయినట్టే ఉన్నాయి. నేను పరుగెత్తబోయాను. అప్పుడు చెల్లాయమ్మక్క నా కొంగు పట్టుకుని, తన కొంగుకి ముడేసింది.

"ఇప్పుడెళ్ళు సూద్దాం. ఎల్తే నన్నూ ఈడ్సుకుపోవాల."

"అవి చచ్చిపోతున్నాయక్కా!"

"పడుకున్నాయే పిచ్చిదానా. ఆకులో నీళ్ళు గాజైపోయాయి. ముట్టుకుంటే ఇరుగుతాయి, ఏణ్ణీళ్ళు పోస్తే పగుల్తాయి. ఎండే ఎమ్మదిగా లేపాల."

మిన్నీ, నేను ఒంటిచేత్తో ఎలుగుబంటిని తరిమినదాన్ని. మదమెక్కిన దున్న చెవి మెలేసినదాన్ని. కానీ ఆ పొద్దున ఊరికే కూర్చోవడం ఉంది చూడూ, అంత కష్టమైన పని నా జన్మలో చేయలేదు. ఇది మాత్రం కోతలు కోయడం కాదు.

టీ చల్లారిపోయింది. ఎండ ముందు కొండ కొన మీద పడింది. ఆ తర్వాత కాఫీ చెట్ల మీదికి దిగింది. ఆ తర్వాత నా మూడో వరసకి వచ్చింది. ఆకు కొసన ఒక చుక్క జారింది. ఇంకో చుక్క. అప్పుడు మొదటి మొక్క, నిద్ర లేచి ఒళ్ళు విరుచుకున్నట్టు, ఒక్కో ఆకే పైకెత్తింది. పదీ లేచాయి. నేనూ లేవబోయి, కొంగుముడి మర్చిపోయి, చెల్లాయమ్మక్క మీద పడ్డాను!

ఊరి వంట రోజు వచ్చింది. నా క్యాబేజీ ఎంతుందో తెలుసా? బండి చక్రమంత!

"అమ్మమ్మా..."

సరే, కొబ్బరికాయంత. పీచు తీసిన కొబ్బరికాయ.

మేస్త్రి దాన్ని చేతిలో తిప్పి చూశాడు. "ఇదేనా నా తలకాయ?"

"పాగా తీసి సూపించు మేస్త్రీ, అంతే ఉంటాది!" అంది చెల్లాయమ్మక్క. ఊరంతా గొల్లుమంది.

అది గుండిగలో పడ్డాక గానీ నేను ఊపిరి పీల్చుకోలేదు. చెక్క నాకు దక్కింది! కూర నోట్లో పెట్టుకుంటే, తల్లీ, బెల్లం వేశారా అన్నంత తీపి. ఎందుకని అడిగాను. చలికి తట్టుకోవడానికి క్యాబేజీ తనలో తీపి కూడబెట్టుకుంటుందట. మంచు తగలని గడ్డకి ఆ రుచి రాదట. మేస్త్రి మూడుసార్లు వడ్డించుకున్నాడు.

మరుసటి ఏడు మంచు పడ్డ పొద్దున, రాజోలు నుంచి వచ్చిన కొత్త కోడలు ఒకమ్మాయి వేణ్ణీళ్ళ బిందె ఎత్తుకుని చెక్క వైపు పరిగెడుతోంది. నేనేం చేశానో చెప్పుకో?

"కొంగు ముడేశావు!"

నా బంగారం! ఏదీ, ఆ దుప్పటి కొస ఇలా ఇయ్యి. ఇదిగో, నా కొంగుకి ముడేశాను. ఇంక ఎండొచ్చేదాకా ఇద్దరం కదలకూడదు.

కథ కంచికి,
కూర కంచానికి,
మనం మంచానికి!